సున్నం గోడల మీద పుట్టీ

నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిపిన ఆఫీసు తెల్లదొరల కాలంనాటి బంగ్లా. చోడవరంలో అలాంటివి ఒకటికి మించి ఉన్నాయి కాబట్టి ఏ ఆఫీసో చెప్పను. పొలాల పాత కాగితాల నకళ్ల కోసం రోలుగుంట నుంచి, కె.కోటపాడు నుంచి రైతులు వచ్చేవారు. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని, రికార్డు గది తాళాలు నా దగ్గరే ఉండేవి. మూరెడు మందం గోడలు, సున్నం పూత, టేకు దూలాల మీద సన్న ఇటుకలతో పేర్చిన కప్పు, గోడల పైభాగంలో గాలి కంతలు. మే నెలలో కూడా ఆ గదిలోకి వెళితే మెడ మీద చెమట ఆరిపోయేది.

అలాగని అది స్వర్గమేమీ కాదు. ఒక మూల కారేది. చూరులో గబ్బిలాలు. ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లం. అందుకే బాగుచేయించమని అర్జీ రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించి పైకి పంపించింది నేనే. మంజూరైందని తెలిసిన రోజు అందరికంటే ఎక్కువ సంతోషించిందీ నేనే.

కాంట్రాక్టరు వచ్చి తన ఫోనులో బొమ్మ చూపించాడు. బంగ్లా ముందు ఫైబరు స్తంభాలు, గులాబీ రంగు గోడలు, లోపల తళతళలాడే సీలింగు. హెరిటేజ్ లుక్ అన్నాడు. నాకూ బాగానే అనిపించింది. ఆ మాట దాచుకోను.

పని మొదలయ్యాక గోడలకున్న సున్నం పూతంతా చెక్కించాడు. చెక్కే కూలీల్లో రోలుగుంట వైపు ఊరి నుంచి వచ్చే ముసలి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఒకరోజు టీ ఇస్తే వరండాలో కూర్చుని, ఆ గోడలు ఒకప్పుడు వాళ్ల నాన్నే పూశాడని చెప్పాడు. గానుగలో నూరిన సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారట. కొడుకు చేతులతోనే అదంతా రాలిపోతోంది. ఆయన ముఖం చూడలేక టీ గ్లాసు వైపు చూశాను.

"సెమ్మ బయటికి పోవాలమ్మా ఈ గోడల్లోంచి. సిమెంటు పూసీసేరంటే లోనే ఉండిపోద్ది. రెండు వానలు పడనీండి, మీకే తెలుస్తాది."

కాంట్రాక్టరుకి చెబితే నవ్వి, నేనింకా సున్నం కాలంలోనే ఉన్నానన్నాడు. మా ఆఫీసరు, ఇంజినీర్లకి తెలియనిది మనకి తెలుస్తుందా అన్నారు. వెనకాల మరుగుదొడ్డి గోడలు లేస్తున్నాయి. ఎక్కడ గొడవచేస్తే అది ఆగిపోతుందో అని నా భయం.

సిమెంటు పూశారు, దాని మీద పుట్టీ పెట్టారు. ఏసీ కోసమని గాలి కంతలు మూసేసి, పాత కప్పు కింద ప్లాస్టిక్ రేకుల సీలింగు బిగించారు. ఏసీ మాత్రం ఆఫీసరు గదికే వచ్చింది. ప్రారంభోత్సవానికి ముందురోజు, పని తృప్తికరంగా పూర్తయిందని సిబ్బంది తరఫున ఒక కాగితం కావాలన్నారు. మరుగుదొడ్డికి ఇంకా పైపు కలపలేదు. రేపు కలిపేస్తాం మేడం అన్నాడు కాంట్రాక్టరు. సంతకం పెట్టాను.

వానలు మొదలైన పక్షం రోజులకే గోడలు పొంగాయి. కాలిన చర్మం మీద బొబ్బల్లా పుట్టీ ఉబ్బింది. వేలితో నొక్కితే పగిలి బూడిదరంగు గుజ్జు కారేది. రికార్డు గది తలుపు తీయగానే తడిసిన గోనెసంచీ కంపు ముఖానికి కొట్టేది. కట్టలు కట్టలుగా కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విప్పబోతే అట్టల్లా ఊడివచ్చేవి. సీలింగుకీ పాత కప్పుకీ మధ్య గబ్బిలాలు చిక్కుకుపోయాయి. తెల్లటి ప్లాస్టిక్ రేకుల మీద పసుపు మరకలు రోజురోజుకీ పెద్దవయ్యాయి. ఇంటికి వెళ్లి తలస్నానం చేసినా ఆ కంపు నా జుట్టు వదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం, చనిపోయిన భర్త పేరున ఉన్న పొలం కాగితం నకలు కోసం ఒక ముసలమ్మ వచ్చింది. నా బల్ల ముందు నిలబడి వేలిముద్ర వేస్తుండగా సీలింగు రేకు ఒకటి కుంగి ఊడిపడింది. దాంతోపాటు నల్లనీళ్లు, రెట్టల ముద్దలు, కుళ్లిన గబ్బిలాలు ఆవిడ తల మీద, భుజాల మీద పడ్డాయి. ఎవరూ కదల్లేదు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా కాయితం తడిసిపోనేదు కదమ్మా?" అని అడిగింది.

కంగారులో ఆవిడ చేయి పట్టుకుని కొత్త మరుగుదొడ్డికి తీసుకెళ్లి కుళాయి తిప్పాను. నీళ్లు రాలేదు. పైపు ఇంకా కలపనేలేదు, తడిసిన కాగితాల గొడవలో పడి దాని గురించి మేమెవరం మళ్లీ అడగనూ లేదు. తాగే నీళ్ల క్యాను తెచ్చి, పెరట్లో నిలబెట్టి ఆవిడ తల కడిగాను. నా చేతులకంటిన మురికి ఎలాగోలా వదిలింది. తృప్తికరం అని సంతకం పెట్టిన చెయ్యి అది. దాన్ని చూస్తే నాకే రోత పుట్టింది.

మర్నాడు ఆ సంతకం తప్పని, పని పూర్తికాకుండానే పెట్టానని లెటరు రాసి ఇచ్చాను. ఆఫీసరు రెండుసార్లు చదివారు.

"ఇది మీ మెడకే చుట్టుకుంటాదమ్మా. వద్దు, ఎనక్కి తీసుకోండి."

తీసుకోలేదు. ఆయన అన్నట్టే మెమో నాకే వచ్చింది. పూర్తికాకుండానే ఎందుకు సంతకం చేశావని అడిగారు. మరుగుదొడ్డి మీద ఆశతో అని నిజమే రాశాను. ఇంక్రిమెంటు ఆపారు. కాంట్రాక్టరుని ఎవరూ ఏమీ అడగలేదు. పక్క ఊళ్లో మరో పాత బంగ్లా పని అతనికే వచ్చిందని విన్నాను.

కాగితాలన్నీ పోతే కోర్టుల్లో మనమే నిలబడాలని చెప్పి ఆఫీసరు వెంట నేనే పడి, రికార్డు గది ఒక్కదానికి మాత్రం అనుమతి తెచ్చుకున్నాను. ముసలి మేస్త్రిని వెతికి పిలిపించాను. ఆయన సిమెంటు చెక్కి, గాలి కంతలు తెరిచి, వానలు పోయేదాకా గోడల్ని ఊరికే ఆరనిచ్చాడు. తరవాత వారాల తరబడి నానబెట్టిన సున్నంతో పూశాడు. "నాను సెప్పనేదా" అని ఒక్కసారి కూడా అనలేదు. సగం కాగితాలు దక్కాయి. మిగతావి పెరట్లో తగలబెట్టాం. తడికి అవి సరిగ్గా మండనూ లేదు.

రిటైరయ్యాక పెన్షను పని మీద ఒకసారి ఆఫీసుకి వెళ్లాను. హాల్లో ఉబ్బిన పుట్టీని గోకనైనా గోకకుండా దాని మీదే కొత్త రంగు కొట్టారు. పైన ఇంకో సీలింగు బిగించారు. భోజనాల వేళ. కంపు రాని గది అదొక్కటేనని అందరూ రికార్డు గదిలో బీరువాల మధ్య క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. నన్నూ కూర్చోమని పళ్లెంలో పులిహోర పెట్టారు. హాల్లోంచి వచ్చేటప్పుడు పట్టిన వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. ఒక్క ముద్ద కూడా దిగలేదు. ఆకలి లేదని చెప్పి, కాగితాలు తీసుకుని గోవాడ వైపు వెళ్లే బస్సెక్కాను.