బ్యారన్‌లో ఆరబెట్టిన టీవీ

పొన్నూరులో ఒక రైసు మిల్లు వాళ్ళు పాత ఆఫీసు గది అటక దించుతుంటే బుల్లి టీవీ ఒకటి బయటపడిందని, కావాలంటే వచ్చి తీసుకుపొమ్మని పోయిన వారం ఎవరో ఫోన్ చేస్తే, మోకాళ్ళ నొప్పులని మేడ మెట్లు కూడా ఎక్కని నేను తెల్లారేసరికి బస్సులో కూర్చున్నాను. సాయంత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వస్తే, మావారు గుమ్మంలోనే నిలబడి, ఇంట్లో మనుషులకి చోటు మిగిల్చే ఉద్దేశం ఉందా లేదా అని అడిగారు. లేదని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. పాత కంప్యూటర్లు, చేత్తో పట్టుకెళ్ళే చిన్న టీవీలు కలిసి మా వెనక గదిని ఎప్పుడో ఆక్రమించేశాయి, ఇప్పుడు వరండా మీద కన్నేశాయి. మన గుంటూరు చుట్టుపక్కల దొరికే సామాను మూత విప్పితే ముందు నాలుగు తుమ్ములు తుమ్మాలి, లోపల అంత మిరప ఘాటు పేరుకుని ఉంటుంది. అయినా బ్రష్షు పట్టుకుని కూర్చుంటే నాకు అన్నం సంగతి కూడా గుర్తుండదు.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందని అడిగేవాళ్ళకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను కానీ, యాంటెన్నా గొట్టం తిప్పుతూ డాబా మీద నుంచి "వచ్చిందా?" అని అరిచిన మన తరం వాళ్ళకి దాచడం దేనికి. పర్చూరు దగ్గర మా ఊళ్ళో నాన్న పొగాకు వేసేవాడు. ఎనభైల్లో, నేను బీఎస్సీ లెక్కలు పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, గల్ఫులో పనిచేసే మా మేనమామ సెలవు మీద వస్తూ రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి నాన్నకి బుల్లి బ్లాక్ అండ్ వైట్ టీవీ, కరెంటు లేకపోయినా ట్రాక్టరు బ్యాటరీ మీద నడిచేది. రెండోది నాకు, మీటలున్న ఒక నల్లటి పెట్టె. అదే కంప్యూటర్ అని మామయ్య చెబితే మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మిగతాది ఎక్కడుందని అడిగింది.

మిగతాది టీవీయే. ఆ పెట్టెను టీవీకి తగిలించి, స్టేషను పట్టుకున్నట్టు మెల్లగా మరను తిప్పుతుంటే ఒక చోట చుక్కలన్నీ మాయమై అక్షరాలు నిలబడేవి. మనం రాసుకున్న ప్రోగ్రాములు దాచుకోవడానికి టేపు రికార్డరూ, క్యాసెట్టూ కావాలి. కరెంటు పోతే రాసిందంతా ఎగిరిపోయేది కాబట్టి, అమ్మ మంగళహారతుల క్యాసెట్టు వెనక వైపు ఆమెకి తెలియకుండా కొంచెం కొంచెం ఆక్రమించుకుంటూ వచ్చాను. మామయ్య ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, చెప్పేవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరు. అర్థం కానిచోట ఆగి, మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుకుంటూ, పట్టిన పట్టు విడవకుండా నేర్చుకున్నాను. మొండిదాన్నని ఊళ్ళో నాకు ముందునుంచీ పేరుంది కనుక కొత్తగా పోయే పరువేమీ లేదు.

అలాంటప్పుడు గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు కంప్యూటర్ కోర్సు పెడుతున్నారని, చెప్పేవాళ్ళు కావాలని పేపర్లో చూశాను. ఉత్తరం రాస్తే రమ్మన్నారు. అయితే గది కట్టారు, బోర్డు రాయించారు, కంప్యూటర్లు మాత్రం ఇంకా రాలేదట, అందుకని చేసి చూపించదలచిన వాళ్ళు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలట. నాన్నకి ఇది మొదటినుంచీ ఇష్టం లేదు. పెళ్ళి కాని పిల్ల గుంటూరులో ఒక్కతే గది తీసుకుని ఉండటమేమిటని రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. చివరికి, ఈ ఒక్కసారికి వెళ్ళు, ఉద్యోగం రాలేదంటే మాత్రం బీఎడ్ చేసి మన బడిలో చేరాలి, మళ్ళీ ఈ పెట్టె మాట ఎత్తకూడదు అన్నాడు. సరేనన్నాను. నాకున్నది ఆ ఒక్క అవకాశమే, అది ఆ టీవీ మీదే ఆధారపడి ఉంది.

అది పొగాకు బ్యారన్లు, అదే పచ్చాకును వేడికి ఆరబెట్టే కొట్లు, కాలే కాలం. పందిట్లో ఆడవాళ్ళు పచ్చాకును కర్రలకు అల్లుతుంటే, ఆదివారం కదా సినిమా చూస్తారని నాన్నే టీవీని పందిట్లో పెట్టించాడు. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. అందరూ ఆకు మీద పట్టాలు కప్పడానికి పరిగెత్తారు, నేనూ అదే పని చేశాను, ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు. వాన వెలిశాక చూస్తే టీవీ నిలువునా తడిసి ఉంది. తుడిచి వసారాలో పెట్టాను. మర్నాడు లేచేసరికి అక్కడ లేదు. నాన్న పొద్దున్నే పర్చూరు వెళ్ళాడు కదా, బాగుచేయించడానికి పట్టుకెళ్ళి ఉంటాడులే అంది అమ్మ. పైకి గొణిగాడు కానీ మనసులో నా మీద ప్రేమ ఉందని మురిసిపోయాను.

మధ్యాహ్నం బ్యారన్ దగ్గర మంట చూసే పెద్దాయనకి అన్నం తీసుకెళ్ళాను. బ్యారన్ గోడకి ఆకు రంగు చూసుకోవడానికి చిన్న అద్దపు కిటికీ ఉంటుంది. అటు వెళ్ళినవాళ్ళం అలవాటుగా అందులో ఒకసారి తొంగిచూస్తాం. వేలాడే ఆకు కింద, తలుపు పక్కన ముక్కాలి పీట మీద, బుద్ధిగా కూర్చుని ఉంది మా టీవీ.

జరిగింది ఇదీ. పచ్చాకులో నీరు లాగేసే బ్యారన్ ఈ చిన్న పెట్టెలో తడి లాగదా అనుకుని, మొదట్లో వెచ్చదనమే కదా, మంట పెంచేలోగా తీసేద్దామని నాన్న ముందురోజు సాయంత్రం దాన్ని లోపల పెట్టాడట. పొద్దున ఆ మాట మరిచి పర్చూరు వెళ్ళిపోయాడు. సంగతి తెలియని పెద్దాయన మామూలుగా మంట పెంచాడు. నేను ఆ అద్దం దగ్గర నిలబడి ఉండగానే నాన్న సైకిలు దిగాడు. నా ముఖం, ఆ అద్దం చూసి ఆయనకి అంతా అర్థమైంది.

పొగాకు పండించినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, ఆ దశలో తలుపు తీస్తే చల్లగాలికి ఆకు మచ్చపడి నల్లబడుతుంది, అంతవరకూ పడ్డ పాటంతా పోయినట్టే. పెద్దాయన తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యా, ఇప్పుడు తీస్తే ఆకంతా దెబ్బతినిపోద్ది. నాలుగు రోజుల్లో ఆరిపోద్ది, అప్పుడు తీసుకుందాం."

నేను తియ్యమనలేదు, వద్దనీ అనలేదు. వద్దనాలని తెలుసు, ఆ ఆకు కోసం ఇంటిల్లిపాదీ ఎండలో నిలబడ్డాం. నాన్న నావైపు తిరిగాడు.

"గుంటూరు ఎప్పుడు రమ్మన్నారే?"

"ఎల్లుండి నాన్నా."

ఆయన పైకండువా చేతికి చుట్టుకుని, పెద్దాయనని పక్కకి జరిపి, గడియ తీశాడు. వేడి ఆవిరి మా ముఖాల మీదికి కొట్టింది. లోపలికి వంగి టీవీని పట్టుకొచ్చి నా ముందు పెట్టి, వెళ్ళి కొలిమిలో బొగ్గు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ బ్యారన్ ఆకు మచ్చలతోనే దిగింది. వేలంలో దాన్ని చూసినవాళ్ళు పక్కకి నెట్టేశారని తర్వాత అమ్మ చెప్పింది కానీ నాన్న నోటి వెంట ఆ ప్రస్తావన నేనెప్పుడూ వినలేదు.

టీవీ పైభాగం మెత్తబడి ఒక పక్కకి వాలిపోయింది. స్టేషను తిప్పే మర కరిగి ఊడిపోయింది, మిగిలిన ఇనుప కాడను పటకారుతో తిప్పాల్సి వచ్చేది. చల్లారాక స్విచ్చి వేస్తే కాసేపు ఆలోచించుకుని వెలిగింది. నేను ఏడ్చాను. అమ్మ దిష్టి తీసింది, నాకు కాదు, టీవీకి.

గుంటూరుకి నాన్నే తోడొచ్చాడు, టీవీ గోనెసంచిలో, పటకారు జేబులో, నల్ల పెట్టె, టేపు రికార్డరు నా ఒళ్ళో. ప్రిన్సిపాల్ గారు, మరో ఇద్దరు పెద్దలు బల్లకి అటువైపు కూర్చుని ఆ వాలిపోయిన టీవీని ఎగాదిగా చూశారు. నాన్న పటకారుతో తిప్పుతుంటే అక్షరాలు వచ్చాయి. ఇక క్యాసెట్టు పెడితే, మొండికేసింది. మళ్ళీ పెట్టాను, ఈసారి మంగళహారతి వచ్చింది. పెద్దల్లో ఒకాయన నవ్వి, మరోసారి చూద్దాం లేమ్మా అన్నారు. మరోసారి అనేది నాకు లేదు. కూర్చోండి సార్, టీ తాగండి, ఇప్పుడే మళ్ళీ రాస్తానని చెప్పి, ఆ ప్రోగ్రామంతా మొదటినుంచీ గుర్తుమీద కొట్టడం మొదలుపెట్టాను. కరెంటు పోకూడదని ఒక పక్క దండం పెట్టుకుంటూనే ఉన్నాను. పిల్లల పేర్లూ మార్కులూ ఇస్తే ర్యాంకుల వరసలో పేర్చే ప్రోగ్రాం అది. ఉదాహరణకి పేర్లు కావలసి వచ్చి మా ఇంట్లోవాళ్ళవే వేసి, మీట నొక్కాను. వరసగా నిలబడ్డాయి. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు సవరించుకుని, ఎప్పుడు చేరతావమ్మా అని అడిగారు.

తిరుగు బస్సులో చిలకలూరిపేట దాటాక నాన్న నోరు విప్పాడు.

"ఇంతకీ ఆ తెర మీద ఏం వచ్చిందే?"

ఆయన తెలుగు పేపరు చివరి అక్షరం దాకా చదివేవాడు కానీ, ఇంగ్లీషు ముక్క రాదు. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నీ పేరే నాన్నా, నీకు మొదటి ర్యాంకు వేశానని చెబితే, నేనెప్పుడు పాసయ్యానే అని నవ్వాడు. కొంతదూరం పోయాక, నా పేరు అందులో ఎలా ఉంటుందో చూపించమన్నాడు. బస్సు కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో రాశాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఉద్యోగం నుంచే నా జీవితమంతా నడిచింది. ఈమధ్య అటు వెళితే మా బ్యారన్ ఉన్నచోట పునాది రాళ్ళు కూడా లేవు, మిరపతోట వేసి ఉంది. ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఫోను, మనం తెలుగులో మాట్లాడితే చాలు, తనంతట తానే తెలుగు అక్షరాలు రాసేస్తోంది. కొత్తలో దానిముందు నేను మొదట పలికింది నాన్న పేరు. చక్కగా, పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో వచ్చింది. చదవడానికి ఆయన లేడు.