మేకల పాకలో మర్యాద

ఆ ఊళ్లో ఆమెను అందరూ మిషనక్క అనేవారు. పెళ్లైన కొత్తల్లో మొదలుపెట్టి ఈనాటికీ కుట్టుమిషను తొక్కుతూనే ఉంది. బడిపిల్లల యూనిఫారాలు, ఆడవాళ్ల జాకెట్లు, పాస్టరుగారి తెల్ల అంగీలు, అన్నీ ఆమె చేతి కుట్టే. మొగుడు తాపీమేస్త్రీ, నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరూ ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్న రెండు గదుల ఇల్లంటే ఆమెకు ప్రాణం. చెప్పులతో ఎవరైనా లోపలికొస్తే కొలతలు తీసుకోకుండానే పంపేసేది.

పట్నంలోని పెద్ద చర్చివాళ్లు ఏటా ఒకసారి వచ్చి, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసి వెళ్తుంటారు. పోయినేడు వాళ్ల కమిటీ పెద్దాయన మెడలో కెమెరాతో వచ్చాడు. "వెలుతురు అక్కడ బాగుంది, అలా నిలబడమ్మా" అంటూ పెరట్లో మేకల పాక ముందు ఆమెను నిలబెట్టి ఫోటో తీశాడు. ఎండకు మొహం చిట్లించిందే తప్ప ఆమె ఏమీ అనుమానించలేదు.

కొన్నాళ్లకు పట్నం నుంచి ఆడపడుచు ఏడుస్తూ ఫోన్ చేసింది.

"వదినా, మా అన్నయ్య ఎప్పుడు పోయాడు? నాకు కబురైనా చెయ్యలేదేం?"

"నీ నోట మన్నుపడ! ఇదిగో, ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు."

"మరి ఇక్కడ చర్చి గోడ మీద నీ ఫోటో ఇంతెత్తున పెట్టారే! భర్తను పోగొట్టుకుని పశువుల పాకలో బతుకుతున్న అభాగ్యురాలని రాసి, కింద చందాల పెట్టె పెట్టారు."

సంగతి విని మేస్త్రీ నవ్వేశాడు. "పోనీలేవే, రాసినంత మాత్రాన పోతానా?"

ఆమెకు నవ్వు రాలేదు. ఒళ్లు భగ్గుమంది. ఆ కమిటీ పెద్దాయనకు ఫోన్ చేసి నాలుగు తిట్టొచ్చు, కానీ తిడితే అక్కడితో తేలిపోతుంది. ఆయన మళ్లీ రావాలి, అదీ తన వాకిట్లోకే రావాలి. కత్తెర పట్టినప్పుడల్లా ఆయన మొహం గుర్తొచ్చి గుడ్డ పరపరా కోసేది. ఈ ఏడు పట్నంవాళ్లు వస్తున్నారని తెలియగానే పాస్టరుగారి దగ్గరికి తనే వెళ్లి, "మా ఇంటికి తప్పకుండా తీసుకురండి" అని వినయంగా అడిగింది.

వాళ్లొచ్చిన రోజు ఇంటికి తాళం వేసింది. పాకలో రెండు చాపలు పరిచింది. మేకల్ని మాత్రం బయటికి తోలలేదు.

"కూర్చోండయ్యా, కూర్చోండమ్మా" అంటూ ఆరుగురినీ చాపల మీద సర్దింది. కమిటీ పెద్దాయన ముక్కు మూసుకుని, "ఇంట్లో కూర్చుందామమ్మా" అన్నాడు.

"ఇదేగా అయ్యా మా ఇల్లు. మీరే రాయించారుగా!"

ఆయన మొహం మాడిపోయింది. ఈలోగా ఒక మేక ఆయన కెమెరా పట్టీ నమలడం మొదలుపెట్టింది. మిగతావాళ్లకు ఏమీ అర్థంకాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గబగబా ప్రార్థన ముగించి బయటపడదామని ఆయన కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ విధవరాలిని..." అన్నాడో లేదో, ఆమె గొంతెత్తింది.

"ఏమయ్యో! నీ గురించే ప్రార్థన చేస్తున్నారు, వచ్చి నిలబడు!"

గోడ చాటు నుంచి మేస్త్రీ సిగ్గుపడుతూ వచ్చి నమస్కారం పెట్టాడు. "నేనేనండీ, ఈవిడ పోయిన మొగుణ్ణి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన తడబడ్డాడు. "నలుగురికీ మేలు జరగాలనే కదమ్మా..."

"మేలు చెయ్యడానికి నా మొగుణ్ణే చంపాలా? వచ్చే ఆదివారం మీ చర్చిలో అందరి ముందూ నిలబడి, ఈయన బతికే ఉన్నాడని చెప్పండి."

"ఇక చాల్లేవే" అన్నాడు మేస్త్రీ.

"నువ్వు చచ్చినవాడివి, మాట్లాడకు!"

వాళ్లలో ఒక ముసలావిడ మోకాళ్లు పట్టేసి లేవలేక అవస్థపడుతోంది. పాపం, ఆవిడకు ఈ గొడవేమీ తెలియదు. మిషనక్క చెయ్యి అందించి, తాళం తీసి ఆవిణ్ణి ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. వెనకే రాబోయిన పెద్దాయన మొహం మీదే తలుపు వేసింది.

ఆయన చర్చిలో ఏమీ చెప్పలేదట. ఫోటో మాత్రం గోడ మీంచి దింపేశారని ఆడపడుచు చెప్పింది. ఆ తర్వాత పాస్టరుగారు వచ్చి, "మనసులో పెట్టుకోకమ్మా, క్షమించెయ్" అన్నారు.

"ఆయన్నే వచ్చి అడగమనండి. అప్పుడు ఆలోచిస్తాను" అంది మిషనక్క.