భుజం మీద లెన్సు

మా యూనివర్సిటీ హాస్టల్లో పక్షుల మీద పరిశోధన చేసే అక్క ఒకామె ఉండేది. డిపార్టుమెంటు వాళ్లు ఆమెకు మూరెడు టెలిఫొటో లెన్సు ఇచ్చారు గానీ, దాన్ని నిలబెట్టే స్టాండు ఇవ్వలేదు. ఆ స్టాండు నేనే. తెల్లారగానే పొగమంచులో నన్ను కూర్చోబెట్టి, భుజం మీద లెన్సు ఆనించి, చెవిలో మెల్లగా అనేది: “ఊపిరి ఆపు పిల్లా. పిట్ట కన్ను షార్ప్‌గ రావాలె. తోక ఎట్లున్నా మాఫ్.”

ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఆ కాసేపు క్యాంపస్ అంతా మాతోపాటే ఊపిరి ఆపినట్టుండేది.

ఒకరోజు, వారంగా ఎదురుచూసిన లకుముకిపిట్ట తీగ మీద వాలింది. రీల్లో ఒక్క ఫొటోనే మిగిలింది. సరిగ్గా బటన్ నొక్కేటప్పుడు, మెస్ తెరవకముందే బయల్దేరిన అక్క కడుపు గుర్రుమంది. నాకు నవ్వాగలేదు. భుజం కదిలింది, పిట్ట ఎగిరిపోయింది.

తార్నాక స్టూడియోలో ప్రింట్లు తీసుకున్నాక, ఈకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నవన్నీ థీసిస్ కోసం దాచుకుంది. నీలంగా అలుక్కుపోయిన ఆ ఒక్కటి నాకిచ్చింది.

“పిట్ట లేదు గానీ, గిండ్ల నీ నవ్వున్నది. ఉంచుకో.”

ఆమె ముఖం కూడా ఇప్పుడు నాకు అలాగే అలుక్కుపోయింది. భుజం మీద ఆ బరువు మాత్రం షార్ప్‌గానే ఉంది.