పెళ్లినాడు పెద్ద మెట్ల మీదుగా

1979 వేసవి. వైశాఖ మాసపు పెళ్లిళ్ల జోరు. హనుమకొండలో ఒకప్పుడు పెద్ద పేరున్న హోటల్లో నేను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. హౌస్‌కీపింగ్ అంటే గదులు, పడకలు, దుప్పట్లు, తువ్వాళ్లు చూసుకునే విభాగం. వచ్చినవాళ్లు మా ముఖాలు చూడరు. మేం చేసిన పడక మీద పడుకొని వెళ్లిపోతారు. అది మాకు చిన్నతనమని నేనెప్పుడూ అనుకోలేదు.

నేను బడికి పోలేదు. తెలుగు మా నాయన ఇంట్లోనే దిద్దించాడు. గదుల నంబర్లు, సబ్బుల పేర్లు చదివేపాటి ఇంగ్లీషు మా అన్న నేర్పాడు. మా ఆయన పోయాక, ఆ చదువునే చదువుగా ఎంచి హోటల్ యజమాని పనిచ్చాడు. అందరం ఆయనను పెద్దసారు అనేవాళ్లం. ఆ మేలు తలచుకోకుండా, భద్రకాళి అమ్మవారికి దండం పెట్టుకోకుండా నేను ఏ పొద్దూ లినెన్ రూమ్ తాళం తీయలేదు. లినెన్ రూమ్ అంటే ఉతికిన బట్టలన్నీ మడతపెట్టి ఉంచే గది.

అప్పటికే ఊళ్లో ఒక మాట నలుగుతూ ఉంది. ఆ హోటల్ పనైపోయింది, స్టేషన్ దగ్గర కొత్తగా వచ్చినదే హోటల్ అంటే, అని. మాట పూర్తిగా అబద్ధం కాదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చూడడానికి వచ్చే మా లిఫ్టు ఆగిపోయి చాలా కాలమైంది. స్నానాల గదుల్లో వేడినీళ్లు ఒకనాడు వచ్చేవి, ఒకనాడు రాకపోయేవి. కొత్తవాడ నుంచి ప్రత్యేకంగా నేయించి తెచ్చి పెద్ద మెట్ల మీద పరిచిన జంపఖానా అంచుల్లో పోగులు లేచాయి. ఇవన్నీ నాకు తెలిసినంతగా ఆ మాటలనేవాళ్లకు తెలియవు. అయినా ఆ హోటల్ పేరు నిలిచిందా పోయిందా అని అడిగితే నేను లిఫ్టు సంగతి చెప్పను. సుశీలమ్మ గారి సంగతి చెప్తాను.

సుశీలమ్మ గారిది మహబూబాబాద్ వైపు. ఆమె భర్తకు జబ్బు ముదిరి హనుమకొండ దవాఖానలో చేర్చారు. వయసులో ఉన్నప్పుడు ఆయన వ్యాపారం పని మీద వచ్చి మా హోటల్లో దిగేవాడట. భార్య ఎక్కడ ఉండాలన్న మాట వచ్చినప్పుడు, మంచం మీద నుంచే, పేరున్న చోటు అదొక్కటే, అక్కడే ఉంచండి అన్నాడట. ఆమె మొదటి అంతస్తులో గది తీసుకుంది. పొద్దున్నే దవాఖానకు పోయి చీకటిపడ్డాక వచ్చేది. గది ఊడ్చే అమ్మాయిలను బిడ్డా అని, నన్ను చెల్లె అని పిలిచేది.

అదే వారం హోటల్లో ఒక పెద్ద పెళ్లి దిగింది. పెళ్లికూతురి తండ్రి స్టేషన్ ఘన్‌పూర్‌లో పత్తి వ్యాపారి. కింది హాలు, సగానికి పైగా గదులు వాళ్లవే. పెళ్లికి ముందునాడు కొట్నం పెట్టుకున్నారు. ముత్తైదువలందరూ కలిసి రోకలి పట్టి పసుపు దంచే వేడుక అది. పెళ్లికూతురి తల్లి పుష్పమ్మ, వరండాలో పోతున్న సుశీలమ్మ గారిని చూసి చెయ్యి పట్టుకొని ఆపింది. "నిండుగ పసుపు కుంకుమలతోని ఉన్నవ్ వదినె, నువ్వు గూడ జర చెయ్యెయ్యి" అంది. ఈమె ఒక క్షణం తటపటాయించి వెళ్లి రోకలి పట్టింది. తర్వాత నాతో, ఆయనకు మంచి జరుగుతదేమో అని పట్టిన చెల్లె, అని చెప్పింది.

తెల్లవారి దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పోయాడు. సుశీలమ్మ గారి తమ్ముడు బండి తీసుకొని వచ్చి సంతకం పెడితే గాని శవాన్ని ఇవ్వరు. ఆ తమ్ముడు రావడానికి మధ్యాహ్నం దాటుతుంది. అందాకా ఆమెను బసకు పంపిస్తున్నామని కబురు.

రిక్షా వచ్చేసరికి పోర్టికో నిండా అరటి చెట్లు, సన్నాయి. హాల్లో పెళ్లికూతురు గౌరీపూజకు కూర్చుంది. మేనేజర్ గారు రిక్షాను గేటు దగ్గరే ఆపించారు. ఆయన విజయవాడ మనిషి, చెడ్డవాడు కాదు, భయస్తుడు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. పెళ్లివాళ్లకు సంగతి తెలిసిపోయింది, మైల మనిషిని లోపలికి రానిస్తే మర్యాద దక్కదంటున్నారు, కార్ షెడ్లో కుర్చీ వేయించి ఆమెను కూర్చోబెట్టండి, సామాను మనమే సర్ది స్టేషన్ దగ్గర ఏదైనా లాడ్జికి పంపిద్దాం, అని. వెనక ఇనుప మెట్లున్నాయి గాని, వాటి కిందే వంటవాళ్ల పొయ్యిలు. అటు నుంచి తీసుకుపోదామన్నా వంట మైలపడుతుందని వాళ్లు ఒప్పుకోలేదు.

నేనూ మైల పాటించే దాన్నే. ముట్టు, అంటు, సూతకం అన్నీ మా అమ్మ చెప్పినట్టే పాటిస్తాను. కాని మైలపడిన మనిషి ఎక్కడికి పోతుంది? తన ఇంటికే కదా పోతుంది. మా పనిలో ఒక నియమం ఉంది. చెక్-అవుట్ అయ్యేదాకా, అంటే గది ఖాళీ చేసి తాళం చెవి అప్పజెప్పి వెళ్లేదాకా, ఆ గది వచ్చినవాళ్ల ఇల్లు. మేం కూడా తలుపు తట్టకుండా లోపలికి పోకూడదు. ఆమె చెక్-అవుట్ చేయలేదు.

రిక్షా దగ్గరికి పోయాను. ఆమె నుదుట బొట్టు ఇంకా ఉంది. దినాల దాకా ఉంటుంది. చేతుల నిండా గాజులు కూడా ఉన్నాయి. ఏడవడం లేదు. గేటుకు కట్టిన మామిడాకులు చూస్తోంది.

"వద్దు చెల్లె," అంది. "శుభమైన ఇంట్ల నేను అడుగు పెట్టొద్దు. గా షెడ్లనే కూసుంట."

"షెడ్డు మీరు తీసుకోలే గదక్కా. మీరు తీసుకున్నది గది."

"ఆ పిల్లకేమన్న అయితే నన్నంటరు."

"మిమ్మల్ని అననియ్య. అనేదుంటె నన్నంటరు. దిగుండ్రి."

చెయ్యి పట్టుకొని దింపాను. మైల మనిషిని ముట్టుకున్నానని గేటు దగ్గర ఎవరో గట్టిగానే అన్నారు. అవును, ముట్టుకున్నాను. సాయంత్రం తలస్నానం చేయొచ్చు.

రిసెప్షన్ దగ్గరికి వచ్చి ఆమె గది తాళం చెవి అడిగాను. బయటికి పోయేటప్పుడు అక్కడే ఇచ్చిపోవడం అలవాటు. మేనేజర్ గారు ఇవ్వలేదు. "శాంతమ్మ గారూ, కొంచెం అర్థం చేసుకోండి. ఈ పెళ్లి పాడైతే మనకింకో పెళ్లి రాదు" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. నా నడుముకు మాస్టర్ కీ ఉంది, అన్ని గదులకూ పట్టే తాళం చెవి. ఆయన దాని వైపు చూశారు, నేను దాని మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆమెను తీసుకొని ముందుకు నడిచాను.

పెద్ద మెట్ల దగ్గర పెళ్లికూతురి తండ్రి అడ్డం వచ్చాడు. వెనక చుట్టాలు.

"ఏందమ్మా ఇది? నా బిడ్డ పూజల కూసున్నది. ఈమెను ఎదురు తీస్కొస్తవా?"

"ఆమె మీ పెండ్లికి వస్తలేదు సార్. ఆమె ఇంటికి ఆమె పోతాంది."

"చెప్పెటందుకు నువ్వెవలవ్?"

అప్పుడు నాకు కోపం వచ్చిందో, ధైర్యం వచ్చిందో. అమ్మవారిని తలచుకున్నాను. గొంతు పెంచలేదు.

"పొద్దుగాల మీ బిడ్డ పట్టుచీరె ఇస్త్రీ చేసిచ్చింది నేను. ఆ పిల్ల తల తుడుచుకున్న తువ్వాల నా చేతులతోని ఇచ్చిన. నా మొగడు పోయి ఏండ్లాయె. తెల్లారిన కాంచి మీ అందరికీ ఎదురొస్తనే ఉన్న సార్. ఎవలన్న చూసిండ్రా? ఏమన్న అయిందా?"

అప్పటిదాకా నా నుదుటి వైపు చూసినవాళ్లు లేరు. యూనిఫామ్ చీర చూశారు, తాళం చెవులు చూశారు. ఇప్పుడు చూశారు.

ఒక ముసలామె మాత్రం ఊరుకోలేదు. "ఏం కాలమొచ్చెనే. పక్కలేసెటోళ్లు శాస్త్రం చెప్తాండ్రు" అని ఎత్తిపొడిచింది.

"శాస్త్రం మీరే చెప్పుండ్రి పెద్దమ్మా. నేను గదికి తోవ చూపెడ్త, గదే నా పని."

పుష్పమ్మ మెట్ల మీదే నిలబడి ఉంది. నిన్న ఈమె చేయి పట్టుకొని పిలిచిన మనిషి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పుష్పమ్మ మెట్టు మీద ఉన్న పసుపు పళ్లెం ఎత్తుకుంది, ఆడుకుంటున్న పిల్లలను కొంగుతో దగ్గరికి లాక్కొని గోడకు జరిగింది. మైల తగలకూడదని జరిగిందో, దారి ఇద్దామని జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దారి మాత్రం అయింది. మేమిద్దరం ఎక్కాం.

గదిలో ఆమె నేల మీద కూర్చుంది. పరుపు మైలపడుతుందని మంచం దగ్గరికి కూడా పోలేదు. "పరుపు మీది, ఉతుకుడు మాదక్కా. రోజూ ఉతుకుతనే ఉంటం" అన్నాను. చాలాసేపటికి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పుడు ఏడ్చింది. కింద అదే సమయానికి ముహూర్తం మేళం మోగింది. ఆమె ఏడుపు పెళ్లివాళ్లకు వినపడలేదు. వాళ్ల సంతోషానికి అడ్డం పోకుండా, ఈమె కరువుతీరా ఏడవడానికి అడ్డం రాకుండా చేసిన దేవునికి నేను తలుపు బయట నిలబడే దండం పెట్టుకున్నాను.

తమ్ముడు వచ్చాక అదే మెట్ల మీద దిగారు. పెళ్లయిపోయింది. జంపఖానా మీద తలంబ్రాల బియ్యం పడి ఉన్నాయి. సుశీలమ్మ గారు చీర కుచ్చిళ్లు పైకి పట్టుకొని, ఒక్క గింజ మీద కూడా కాలు పడకుండా, గోడ పక్కపక్కన దిగి వెళ్లింది.

సాయంత్రం మేనేజర్ గారు, రేపటి నుంచి మీరు రావద్దు అన్నారు. నేను వచ్చాను. ఎప్పటిలాగే అమ్మవారికి దండం పెట్టుకొని లినెన్ రూమ్ తెరిచి దుప్పట్లు లెక్కపెడుతుంటే పెద్దసారు దగ్గర నుంచి పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన చూపు తగ్గింది, వెనక బంగళాలోనే ఉండేవాడు. జరిగిందంతా చెప్పించుకున్నాడు.

"ఆ చుట్టరికంల పెండ్లిళ్లు మనకిగ రావు. ఎరికేనా?" అన్నాడు.

"ఎరికే సార్."

"ఆ తల్లికి వేడినీళ్లన్న వచ్చినయా?" అని అడిగాడు.

"నల్లాల రాలే. వంటింట్ల కాచి తీస్కపోయినం."

"సరే. పోయి పని చూస్కో."

పొగడలేదు, తిట్టలేదు. ఆయన అన్నట్టే ఆ చుట్టాల పెళ్లిళ్లన్నీ తర్వాత కొత్త హోటల్‌కే పోయాయి. మాది ఇంకాస్త పాతబడింది.

కాని ఆ వేసవి పోకముందే ఇంకొకటి జరిగింది. మా వైపు, దినాలు అయిపోయాక, ఆ ఇంటివాళ్లు ఒక రాత్రి వేరే చోట పడుకొని లేవాలి. నిద్ర చేయడం అంటాం. ఆ రాత్రితో దుఃఖం ఇల్లు దాటుతుందని నమ్మకం. అయినవాళ్ల ఇంట్లోనో, గుడిలోనో చేస్తారు. ఒకనాడు దీపాలు పెట్టే వేళ సుశీలమ్మ గారు తమ్ముడితో రిక్షా దిగింది. బొట్టు లేదు, గాజులు లేవు. చెల్లెలింట్లో పెళ్లీడు పిల్ల ఉందని వాళ్లు నసిగారట. గుడికి పోదామని తమ్ముడన్నాడట.

"నేనే గుడి వద్దన్న," అని చెప్పింది నాతో. "మొన్న నేను ఎట్లున్ననో గట్లనే రానిచ్చిన ఇల్లు ఇదొక్కటే. నిద్ర ఈడనే చేస్త."

మేనేజర్ గారు రిసెప్షన్‌లోనే ఉన్నారు. ఒకసారి నా వైపు చూశారు. ఆ తర్వాత లేచి నిలబడి, పాత గది తాళం చెవే తీసి రెండు చేతులతో ఆమెకు ఇచ్చారు.

ఆ రాత్రి కోసం నేను పరిచిన దుప్పటి మా దగ్గరున్న వాటిలో కొత్తదేం కాదు, ఒక మూల అతుకు కూడా ఉంది. తెల్లవారి ఆమె స్నానం చేసి, కాఫీ తాగి, బాగ నిద్రపట్టింది చెల్లె, అని చెప్పి వెళ్లిపోయింది.

తర్వాత పనిలో చేరిన అమ్మాయిలందరికీ నేను మొదట నేర్పింది ఇదే. దుప్పటి మూల ఎట్లా మడవాలన్నది రెండో రోజు నేర్పినా ఫరవాలేదు. గదికి వచ్చే మనిషి ఏ కబురు మోసుకొస్తోందని అడగకండి, ఎదురు పోయి తలుపు తీయండి. మా హోటల్‌కు పేరు పోయిందని ఇప్పటికీ అంటారు. అననివ్వండి. నిద్ర చేయడానికి మనిషి గుడిని కాదని ఎంచుకొని వచ్చిన ఇంకో హోటల్ ఉంటే నాకు చూపించమనండి, అప్పుడు ఒప్పుకుంటాను.