వంకల బాబాయి ఇల్లు చూడ్డానికొచ్చాడు

వంక పెట్టకుండా ఒక పూట గడపడం బాబాయి వల్ల కాదు. అన్నం లేకుండా ఉండగలడు, నిద్ర లేకుండా ఉండగలడు, ఎదురుగా ఉన్నదాంట్లో ఏదో ఒక లోపం చెప్పకుండా మాత్రం ఉండలేడు. పొద్దున్నే సూర్యుడొస్తే "ఇవాళ కాస్త తొందరపడ్డాడు" అంటాడు. వాన కురిస్తే "కురవడమైతే కురిసింది గానీ, అంతా ఒకే పక్కన పోసేసింది" అంటాడు. ఒకసారి తెలిసినవాళ్లింట్లో పసిపాపని చూడ్డానికెళ్లి, తల్లి చేతుల్లోంచి ఎంతో ముద్దుగా ఎత్తుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా చక్కగా కుదిరింది. చెవులే ఇంకాస్త కిందికి ఉండాల్సింది" అన్నాడు. ఆ ఇంటివాళ్లు ఆయనతో మాట్లాడ్డం మానేశారు. దానికీ ఆయన వంక పెట్టాడు. "మానెయ్యడం కూడా సరిగ్గా మానలేదు. నిన్న సందు మలుపులో నవ్వారు."

ఆయనకి మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టుంది. మీటింగు అయిపోయాక వక్త వేదిక దిగొచ్చి "మైకు ఎలా పనిచేసిందండీ?" అని అడిగితే, "మైకుకేం, బ్రహ్మాండంగా పనిచేసింది. లోపలికి వెళ్లిందే బాగాలేదు" అనేవాడు. ఆయనకి అసలు పేరొకటి ఉందని పిన్నికి మాత్రమే గుర్తు. మిగతా అందరికీ వంకల బాబాయే. ఆ పేరు ఎలా ఉందని ఎవరో అడిగితే, కాస్త పొడుగైందన్నాడట.

ఇలాంటి మనిషిని ఇల్లు కొనడానికి వెంటబెట్టుకెళ్లాలని తెలివున్నవాళ్లెవరూ అనుకోరు. కానీ ఆయన అన్న కూతురికి వేరే దారి లేదు. తండ్రి పోయాక పెద్దదిక్కంటూ మిగిలింది ఈ బాబాయే. ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని స్కూలు యూనిఫాములు కుట్టి షాపుకిస్తుంది. బళ్లు తెరిచేముందు ఊపిరాడనంత పని, ఆ తర్వాత మిషను మీద దుమ్ము. ఆమె మొగుడు డ్రైవరు. అతనికి సొంత కారూ లేదు, సొంత యజమానీ లేడు. ఎవరి డ్రైవరైనా జ్వరమొచ్చి పడుకుంటే ఇతన్ని పిలుస్తారు. ఊళ్లో డ్రైవర్లంతా ఆరోగ్యంగా ఉన్న నెలలో వీళ్లింట్లో కూరలు తగ్గిపోతాయి.

అద్దె ఇళ్లతో విసిగిపోయారు. ఇంటాయన కొడుకు వస్తున్నాడని ఒకచోట, గోడకి మేకు కొట్టారని ఇంకోచోట, కుట్టు మిషను చప్పుడుకి కింద కుక్క భయపడుతోందని మరోచోట ఖాళీ చేయించారు. ఆ కుక్క ఇంటి మెట్ల మీంచి మిషను దింపుతుండగా, సగంలో ఆగి, ఆ అమ్మాయి అంది: "ఇంకొక్కసారే దీన్ని మొయ్యాలి. మనింటికి."

మర్నాడే బ్రోకరుని పట్టుకున్నారు. నవ్వు మొహం, పాత స్కూటరు, జేబు నిండా తాళాలు. మొదటి ఇంటికి బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. చక్కటి ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, వెనక బట్టలారేసుకునే చోటు. బ్రోకరు ధర చెప్పాడు. మొగుడు గోడకేసి చూశాడు. పెళ్లాం నేలకేసి చూసింది. బాబాయి బయటికొచ్చి మెట్లకేసి చూశాడు.

"ఈ మెట్లు కుదరవయ్యా."

"మెట్లకేమైంది సార్?"

"ఎక్కేటప్పుడు బాగానే ఉన్నాయి. దిగేటప్పుడు చూడు."

"అవే మెట్లు కదా సార్."

"అదేగా నేను చెప్పేది. కట్టినవాడు ఎక్కేవాళ్లని తల్చుకుని కట్టాడు. దిగేవాళ్ల మొహం ఒక్కసారైనా తల్చుకోలేదు. పదమ్మా."

వాళ్లు వెళ్లిపోయాక బ్రోకరు ఆ మెట్లు ఒకసారి ఎక్కి, నెమ్మదిగా దిగి చూసుకున్నాడు.

రెండో ఇల్లు ఆ అమ్మాయికి ప్రాణం లేచొచ్చినంత నచ్చింది. వంటింట్లో పెద్ద కిటికీ. దాని పక్కన మిషను వేసుకుంటే పగలంతా లైటు వెయ్యకుండా కుట్టుకోవచ్చు. ఆ కిటికీ ముందు నిలబడి, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు వేళ్లు కదిపింది కూడా. బ్రోకరు గొంతు సవరించుకుని ధర చెప్పాడు. ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"వెలుగు మరీ ఎక్కువైందే" అన్నాడు బాబాయి వెంటనే.

"వెలుగు ఎక్కువవడమేంటి బాబాయ్?"

"ఇంత వెలుగులో బియ్యం పోసి చూడు. ప్రతి రాయీ కనబడుతుంది. కనబడ్డాక ఊరుకోలేం. ఏరుకుంటూ కూర్చోవాలి. నీకు కుట్టుపని ఎప్పుడు తెములుతుంది?"

"బియ్యంలో రాళ్లు తింటామా ఏంటి మావయ్యగారూ?" అన్నాడు మొగుడు.

"ఇన్నాళ్లూ తిన్నావుగా. ఏమైనా అయిందా?"

బ్రోకరు ఆ కిటికీకి పరదా వేయించమంటానన్నాడు. పరదా వేసేమాటైతే కిటికీ ఎందుకన్నాడు బాబాయి. బ్రోకరు జేబులోంచి తాళం తీశాడు.

మూడోది ఒక రిటైరైన మాస్టారి ఇల్లు. ఆయన గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చాడు. ధర మాత్రం నవ్వకుండా చెప్పాడు. బాబాయి ఒక్క నిమిషం చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"ఇక్కడ మరీ నిశ్శబ్దంగా ఉందండీ."

"అదే కదండీ ఈ ఇంటి గొప్ప."

"మీ వయసుకి గొప్పే. మావాళ్లు కుర్రవాళ్లు. పోట్లాడుకుంటారు. ఇంత నిశ్శబ్దంలో పోట్లాడుకుంటే వీధంతా వింటుంది. నేను మైకులాడిని, నాకు తెలుసు."

"మేం పోట్లాడుకోం బాబాయ్" అంది ఆ అమ్మాయి పళ్లబిగువున.

ఇంటికెళ్లాక పోట్లాడుకున్నారు. బాబాయి గురించే.

మధ్యలో బ్యాంకుకీ వెళ్లొచ్చారు. అక్కడ ఆఫీసరు మర్యాదగానే అడిగాడు, నెలకెంత వస్తుందని. ఏ నెలకని అడిగాడు మొగుడు. దాంతో ఆ ముచ్చట ముగిసింది. బయటికొచ్చి ముగ్గురూ నడుస్తుంటే, బాబాయే అందుకున్నాడు.

"ఆ బ్యాంకులో కుర్చీలు చూశారా? కూర్చుంటే ముందుకి జారిపోతున్నాయి. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టడం చేతగానివాడు అప్పేం ఇస్తాడు? ఇచ్చినా తీసుకోకూడదు."

ఆ అమ్మాయికి నవ్వాగలేదు. నవ్వుతూనే ఇంటికెళ్లి వంట చేసింది.

కానీ ఎంతకని ఓపిక పడతారు? నాలుగో ఇంటికి తలుపులు లోపలికి తెరుచుకుంటున్నాయని, ఐదోదానికి బయటికి తెరుచుకుంటున్నాయని బాబాయి వద్దనేశాక, మొగుడు తెగేసి చెప్పాడు. "మీ బాబాయి వెంట ఉన్నంతకాలం మనం ఇల్లు కొనం. స్వర్గం చూపించినా చెప్పులెక్కడ విప్పాలో రాయలేదంటారు."

"ఈసారి మనిద్దరమే వెళ్దాం" అంది ఆమె. బాబాయికి మాత్రం ఆ ఆదివారం పనుందని అబద్ధం చెప్పింది. ఆయన ఆ అబద్ధానికీ వంక పెట్టాడు, కాస్త తడబడుతూ చెప్పావని.

ఆ ఇల్లు చూపించినావిడ ఎంతో మర్యాద తెలిసిన మనిషి. సోఫాలో కూర్చోబెట్టింది. గాజు గ్లాసుల్లో మంచినీళ్లిచ్చింది. గదులన్నీ చూపించి, ధర చెప్పి, ఏం చేస్తుంటారని అడిగింది. మొగుడు చెప్పాడు.

"అంటే, నెల జీతం అంటూ లేదన్నమాట."

"పని దొరుకుతూనే ఉంటుందండీ."

"ఏమీ అనుకోకండి" అందావిడ చాలా మెత్తగా. "మీ స్తోమతకి ఈ చుట్టుపక్కల దొరకదమ్మా. అటువైపెక్కడైనా చూసుకోండి." చెయ్యెత్తి కిటికీలోంచి దూరంగా చూపించింది.

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. బెంచీ మీద కూర్చున్నాక మొగుడే ముందన్నాడు: "ఆవిడ చూపించినవైపు అసలు ఊరే లేదు."

ఆమె నవ్వలేదు.

"మీ బాబాయి ఉండుంటే ఆ సోఫా ఏదో కుంటుతోందనేవారు" అన్నాడు మళ్లీ.

"గ్లాసులు చూసి, నీళ్లు మరీ బయటికి కనబడుతున్నాయనేవాడు" అందామె.

"ఆవిడ చెయ్యి చూపించినప్పుడు..."

"ఆ చెయ్యి సరిగ్గా తిరగలేదనేవాడు."

ఇంకో రెండు వంకలు తయారుచెయ్యబోయారు గానీ కుదర్లేదు. బాబాయి పెట్టినంత సులువుగా ఏం రావవి. బస్సొచ్చింది. ఆమె లేవలేదు.

"ఇన్ని ఇళ్లు చూశాం కదా. ఇవాళ్టిదాకా మనల్ని ఎవరైనా వద్దన్నారా?"

మొగుడు ఆలోచించాడు. "లేదు. అన్నీ మనమే వద్దన్నాం."

"మనం కాదు. ధర వినగానే మనం గోడకేసీ నేలకేసీ చూసేవాళ్లం. మనం నోరు తెరిచేలోపే బాబాయి ఆ ఇంటిని తోసిపారేసేవాడు. మనం తలెత్తుకుని మెట్లు దిగొచ్చేవాళ్లం."

బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ మరో బస్సు దాకా అలాగే కూర్చున్నారు.

చివరికి బ్రోకరే ఒకటి పట్టుకొచ్చాడు. పిండిమర పైన ఒక గదీ, దాని పక్కన గది అనుకుంటే గది, నడవా అనుకుంటే నడవా. మర ఓనరు పిల్లలు వేరే చోట స్థిరపడ్డారు. పైభాగం ఖాళీగా పడుంది. వాయిదాల మీద ఇస్తాడట, పని దొరకని నెలలో తక్కువిచ్చినా పర్వాలేదట. "మా మరకీ అంతే. తిరిగిన రోజే తిరిగినట్టు" అన్నాడాయన. ధర చెప్పినప్పుడు, ఇళ్లు చూడ్డం మొదలెట్టాక మొట్టమొదటిసారి, మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బాబాయి చూడాలి" అంది ఆ అమ్మాయి.

బ్రోకరు మొహం పాలిపోయింది. "ఆయన దేనికమ్మా? ఈ ఒక్కటైనా..."

"ఆయన చూస్తేనే."

బాబాయి వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా. ఆ ఇంట్లో వంకలు వెతకాల్సిన అవసరమే లేదు, గుమ్మంలోనే ఎదురొచ్చాయి. తలుపు భుజంతో తోస్తేగాని తెరుచుకోలేదు. గోడ ఒక పక్కకి వాలింది. కింద మర తిరుగుతుంటే నేల జుమ్మని వణుకుతోంది. అన్నింటి మీదా సన్నగా తెల్లటి పిండి. బాబాయి నడవాలోకెళ్లాడు, గదిలోకొచ్చాడు, పైకి చూశాడు, కిందికి చూశాడు. నోరు మెదపలేదు.

ఆ మౌనం బ్రోకరు తట్టుకోలేకపోయాడు. ఎలాగూ అంటాడు కదా, మనమే అనేస్తే పోతుందనుకున్నాడు పాపం.

"గోడ కాస్త వంకర సార్. ముందే చెప్పేస్తున్నా."

"ఏ గోడ?"

"ఇదే సార్."

"గోడ నిటారుగానే ఉంది. నువ్వే వంకరగా నిలబడ్డావు."

బ్రోకరు సర్దుకుని నిలబడ్డాడు. "నేల ఊగుతోంది సార్."

"ఊగనీ. రేపు పాపో బాబో పుడితే ఉయ్యాల కొనక్కర్లేదు."

"పిండి పడుతుంది సార్, అన్నింటి మీదా."

"జనం పౌడరు కొనుక్కుని రాసుకుంటారు. వీళ్లకి ఊరికే వస్తోంది."

"తలుపు..."

"నీకు ఈ ఇల్లు అమ్మడం ఇష్టం లేదా ఏంటయ్యా?" అన్నాడు బాబాయి. "ఇల్లన్నాక వంకలు వెతుకుతూ కూర్చుంటే ఎవరైనా కొనగలరా? నీలాంటివాడు ఈ పనికి పనికిరాడు."

బ్రోకరు గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాడు. దిగి వెళ్లేటప్పుడు అతని చొక్కా వీపంతా పిండే.

మెట్ల దగ్గర ఆ అమ్మాయి బాబాయి చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పు బాబాయ్. ఆ వెలుగొచ్చే ఇల్లు నిజంగా బాగాలేదా?"

ఆయన ఎటో చూశాడు. "బంగారంలాంటి ఇల్లమ్మా. అందుకే ప్రాణం మీదికొచ్చింది. ఎంత వెతికినా వెలుగు తప్ప వంక దొరకలేదు."

ఇంట్లో దిగిన కొద్దిరోజులకి మొగుడి పెద్దన్న చూడ్డానికొచ్చాడు. డబ్బున్నవాడు. కొత్త కారు కింద మర ముందు ఆపి పైకొచ్చాడు. నడవాలాంటి గదిలో నిలబడి చుట్టూ చూసి, "బాగా ఇరుకురా. ఈ చప్పుడులో ఎలా ఉంటారు? తొందరపడ్డారేమో" అన్నాడు. తమ్ముడు తల వంచుకున్నాడు. మిషను ముందు కూర్చున్న ఆ అమ్మాయి కుట్టడం ఆపింది.

మూలన కుర్చీలో టీ తాగుతున్న బాబాయి, గ్లాసు పక్కన పెట్టి, ఎంతో ఆదరంగా అడిగాడు.

"కింద ఉన్న కారు మీదేనా బాబూ?"

"అవునండీ. మొన్ననే తీసుకున్నా."

"అదే అనుకున్నా. చాలా బాగుంది. ఎడమవైపు ఒక్కటే కాస్త కుంటుతున్నట్టుంది."

"కొత్త కారండీ అది."

"కొత్తది కాబట్టే తెలియదు. అలవాటుపడ్డాక తెలుస్తుంది. పైనుంచి చూస్తేగాని కనబడదులెండి. కింద ఉన్నవాళ్లకి అన్నీ సమంగానే ఉన్నట్టుంటాయి."

పెద్దన్న కిటికీ దగ్గరికెళ్లి కిందికి చూశాడు. మెడ వంచి మళ్లీ చూశాడు. తనకిచ్చిన టీ అయినా పూర్తిగా తాగకుండా, పనుందని చెప్పి దిగిపోయాడు. ఇంటి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ అమ్మాయి కిటికీలోంచి తొంగిచూసింది. పెద్దన్న కారుకి ఎడమపక్కన రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, చక్రాలకేసి చూస్తున్నాడు. ఆమె గబుక్కున లోపలికొచ్చి, నవ్వు వినబడకుండా మిషను గట్టిగా తొక్కడం మొదలుపెట్టింది.

"కుట్టు కాస్త వంకర పోతోంది" అన్నాడు బాబాయి, టీ గ్లాసు అందుకుంటూ.