ఘోరమైన నిర్లక్ష్యం

ప్లీడరు పొలికార్పియో దుమాంకస్ గారికి గడువు తేదీలంటే భక్తి. జుట్టు నెరిసేదాకా సాగిన ప్రాక్టీసులో ఆయన ఎదుటివాడి వాదాన్ని ఓడించింది తక్కువ, ఎదుటివాడి ఆలస్యాన్ని ఓడించిందే ఎక్కువ. ఒక్కరోజు దాటిన దావాలను, రుసుము తక్కువ పడిన అప్పీళ్లను గుమ్మంలోనే పడగొట్టేవారు. పనాయ్ దీవి కుర్రలాయర్లు ఆ విద్య ఆయన దగ్గరే నేర్చారు.

అటువంటి మహానుభావుడు రూఫినా అప్పీలును ఆలస్యం చేశారు.

రూఫినా రేవులో ఎండుచేపలు అమ్ముకునే వితంతువు. ఆమె గుడిసె, చేపలు ఎండేసుకునే జాగా తనవేనని ఐసు ఫ్యాక్టరీ యజమాని కింది కోర్టులో గెలిచాడు. పై కోర్టు వినకపోతే జాగా పోయినట్టే. అప్పీలు రుసుము ఆమె ముందే తెచ్చి ఇచ్చింది.

గడువు ఆఖరి రోజు శుక్రవారం. మర్నాడు ఊరి పునీతుడి పండుగ కనుక కోడిపందేలు అప్పటికే మొదలయ్యాయి. కోర్టేమో నగరంలో ఉంది. పోస్టులో రిజిస్టరు చేస్తే ముద్ర పడిన తేదీయే దాఖలు తేదీ. ప్రైవేటు కొరియరుకు ఆ మర్యాద లేదు, కోర్టు గుమాస్తా చేతిలో పడ్డ రోజే లెక్క. ఈ తేడా మీదే దుమాంకస్ గారు ఎందరినో ముంచారు. కాని పోస్టాఫీసు ఊరికి ఆ కొస, బరి ఈ కొస, తరువాతి పందెం తన డేగపుంజుది. బరి పక్కనే కొరియరు దుకాణం తెరిచి ఉంది.

కాగితాలూ రుసుమూ సోమవారం కోర్టుకు చేరాయి. డేగ మాత్రం శుక్రవారం సాయంత్రమే గెలిచినవాడి కూరలోకి చేరింది.

అప్పీలు కొట్టేశారన్న కబురు విని రూఫినా ఆయన ఆఫీసుకు వచ్చింది.

"ఆలస్యమైందక్కా. నా వల్లే," అన్నారాయన బల్లకేసి చూస్తూ.

"నేను డబ్బు తేవడమే ఆలస్యమైందని రాయండి బాబూ. రుసుము కట్టలేని బీదదంటే కోర్టువాళ్లు కాస్త చూసీచూడనట్టు పోతారట గదా. నాదేం పోయింది? మీకైతే పరువుంది."

ఆమె చెప్పింది నిజమే, కోర్టులు అలా పోవడం కద్దు. సిగ్గుచేటు ఏమిటంటే, ఆయన రాశారు. చదివి వినిపించారు కూడా.

"దీనికి ప్రమాణం చెయ్యాలా?" అంది రూఫినా. "మేరీ మాత మీద చేస్తాను, ఇటివ్వండి."

ఆయన కాగితం ఇవ్వలేదు. నలిపి జేబులో పెట్టుకున్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. లాయరుది మామూలు తప్పయితే దాని ఫలితం కక్షిదారు అనుభవించాలి. ఘోరమైన తప్పయితే కోర్టు నియమాలు సడలించవచ్చు. అంటే తప్పు ఎంత పెద్దదైతే రూఫినాకు అంత మేలు.

విచారణనాడు జడ్జి విలారూస్ గారు దయతలచి, ఆయన తప్పించుకోవడానికి తలుపు తెరిచారు. "పోస్టుకూ కొరియరుకూ ఉన్న తేడా ఆ తొందరలో మరిచిపోయి ఉంటారు."

"లేదు జడ్జిగారూ. తెలిసే చేశాను."

"ఎందుకు?"

"నా కోడి బరిలోకి దిగుతోంది."

హాలంతా నవ్వింది. ఐసు ఫ్యాక్టరీ తరపున లేచినవాడు లసెర్నా, ఒకప్పుడు దుమాంకస్ గారి జూనియరే. "ఇది మామూలు నిర్లక్ష్యమే జడ్జిగారూ. కోడి కోసం పని ఎగ్గొట్టని మగాడు ఈ దీవిలో ఎవడున్నాడు? గురువుగారు తమను తాము మరీ తక్కువ చేసుకుంటున్నారు."

"నేను ఒప్పుకోను," అన్నారు దుమాంకస్ గారు. తన నేరాన్ని ఒక్కో మెట్టూ ఎక్కించారు: కక్షిదారు సొమ్ము చేతిలో ఉంది, గడువు తెలుసు, పోస్టాఫీసు తెరిచే ఉంది, పైగా పుంజుకు కాలు బెణికిందనీ తెలుసు. చివరికి జేబులో నలిగిన కాగితం కూడా తీసి చదివారు. అప్పుడు నవ్వు ఆగింది.

జడ్జిగారు ఆయన ముఖం చూడకుండా ఉత్తర్వు చెప్పారు. రుసుము పూర్తిగా అందింది, ఆమె తప్పేమీ లేదు, గడువుకంటే న్యాయం ముఖ్యం, లాయరు నిర్లక్ష్యం ఘోరం కనుక అప్పీలు విచారణకు స్వీకరిస్తున్నాం. దుమాంకస్ గారు అంత గట్టిగా ఏ కేసూ గెలవలేదు.

వరండాలో రూఫినా ఆయన చెయ్యి పట్టుకుంది. "గెలిచాంగా, తల దించుకుంటారేం?"

"ఇకనైనా వేరే లాయర్ని చూసుకో అక్కా."

"ఎందుకూ? వేరేవాడు ఇంకా సిగ్గుపడి ఉండడు. మీరు ఇక పోస్టాఫీసు వదిలి కదలరు."

తిరుగు బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆయన మాత్రం కడ్డీ పట్టుకుని రేవుదాకా నిలబడే వచ్చారు.