తొమ్మిదో నంబరు కాళమ్మ

“టీచరమ్మా, ఈ సున్నా ఎవులు?”

ఆగస్టు నెల, ముసురు పట్టిన ఉదయం. దేముడమ్మ గొడుగు కూడా ముడవకుండా మా ఇంటి మెట్లెక్కి, తన ఫోను నా ముక్కుకి ఆనించినంత పని చేసింది. షాదీపూర్ నుంచి ఆస్టినాబాద్ దాకా బస్సులో వచ్చింది ఈ ఒక్క ప్రశ్న కోసమే.

సున్నా ఎవరేమిటి అని మీకు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. దేముడమ్మ లెక్కలో అంకెలంటే మనుషులు.

దేముడమ్మ పచ్చళ్ళు అమ్ముతుంది. ఆమె తాతలు శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి వచ్చారు, ఆమె మాత్రం ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టింది. ఆవకాయ, రొయ్యల పచ్చడి సీసాల్లో పెట్టి, దీవుల్లో ఉన్న తెలుగువాళ్ళకి తెలిసినవాళ్ళ చేత ఓడల్లో పంపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. నేను తెలుగు టీచరుగా ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్ళయింది, రిటైరై ఇక్కడే ఉండిపోయాను. ఆ ఉండిపోవడంలో ఆమె రొయ్యల పచ్చడి పాత్ర లేదని ఒట్టేసి చెప్పలేను.

సీసా నాలుగు వందలు. డబ్బు రావడం దగ్గరే ఆమెది ఒక వింత పద్ధతి. ఇదివరకు ఈ దీవుల్లో ఫోను కలవడమే గగనం. అందుకని సీసా అందినవాళ్ళు తమ దీవిలో ఉన్న బ్యాంకు బ్రాంచికి వెళ్ళి ఆమె ఖాతాలో డబ్బు కట్టేవారు. ఎవరు కట్టారో ఆమెకి తెలియాలి కదా. చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. ఆలోచించి మనిషికో అంకె ఇచ్చింది. రంగత్‌లో ఫారెస్టు ఉద్యోగి గణేశ్వరరావుది ఒకటి, అతను నాలుగు వందల ఒక్క రూపాయి కడతాడు. మాయాబందర్ నర్సు పద్మినిది నాలుగు. దిగ్లిపూర్ లోకనాథానిది ఏడు. ఫోనులో బ్యాంకు మెసేజ్ మోగితే దేముడమ్మ మొదట కనబడే మొత్తం చివరి అంకె చూసి, “పద్మినికి సీసా అందింది” అంటుంది. మెసేజ్‌లో మిగతా ఇంగ్లీషు ఎంత ఉన్నా దాని జోలికి పోదు. ఇప్పుడు నెట్‌వర్క్ బాగుపడినా ఆ పద్ధతి పోలేదు. ఆ చివరి రూపాయిలు డబ్బు కింద లెక్క కాదు, కులాసా కబురు కింద లెక్క.

తొమ్మిది కాళమ్మది.

కాళమ్మ ఉండేది క్యాంబెల్ బేలో, అన్నిటికంటే దక్షిణాన. సునామీ వచ్చినప్పుడు అక్కడివాళ్ళని ఓడల్లో తెచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో క్యాంపు వేస్తే, అక్కడ వంట చెయ్యడానికి వెళ్ళింది దేముడమ్మ. తొమ్మిదో నంబరు టెంటులో కాళమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదట. నాలుగో రోజు దేముడమ్మ ఇంటి నుంచి కాస్త ఆవకాయ తెచ్చి కలిపి ముద్ద చేతిలో పెడితే తిందట. తిని, “ఇది అమ్మవే, కొంతాం” అందట. అలా మొదలైంది వ్యాపారం. అంకెలు పంచేటప్పుడు ఒకటో నంబరు ఇస్తానంటే, “నాకు టెంటు నంబరే ఇయ్యి” అని కాళమ్మే అడిగి తీసుకుంది.

సరే, సున్నా సంగతి. సున్నా ఎవరికీ ఇవ్వలేదు. మిడిల్ పాయింట్‌లో ఒక మెస్సువాళ్ళు నెలకోసారి చెక్కు ఇస్తారు గాని అది ఆమే స్వయంగా వెళ్ళి వేస్తుంది, దానికి గుర్తు అక్కర్లేదు. ఆ చెక్కు కోసమే అయిదేళ్ళ కిందట ‘దేముడమ్మ పికిల్స్’ అని కరెంట్ అకౌంటు తెరవాల్సి వచ్చింది. అప్పటి నుంచి అందరి డబ్బూ అందులోకే. ఖాతా తెరిచిన రోజు నాకు జిలేబీ కూడా పెట్టింది.

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. అయిదు వందల తొంభై. వచ్చినది కాదు, పోయినది.

“ఇది మనిషి కాదు దేముడమ్మా. బ్యాంకువాళ్ళు కోశారు. ఖాతాలో పదివేలుండాలట, తగ్గాయట. అయిదొందలు జరిమానా, దాని మీద టాక్సు తొంభై.”

“తగ్గడమేటి? నా పైసా అలాగే ఉంది కదా. ఏపిల్నుంచి కాళమ్మ కూడా ఏస్తంది.”

అక్కడ నాకు చిన్న అనుమానం తగిలింది. పైకి జరుపుకుంటూ పోయాను. గణేశ్వరరావు నాలుగు వందల ఒకటి. మర్నాడు యాభై తొమ్మిది. పద్మిని ఎనిమిది వందల నాలుగు. మర్నాడు యాభై తొమ్మిది. లోకనాథం. యాభై తొమ్మిది. ఏప్రిల్ నుంచి లెక్కపెడితే ఇరవై ఏడు యాభై తొమ్మిదులు. అన్నీ పోయినవే. ఇంకో బ్రాంచిలో నగదు కడితే కట్టినప్పుడల్లా యాభై రూపాయలు, దాని మీద తొమ్మిది రూపాయల టాక్సు.

“ఇవి కాళమ్మవి అనుకుంటున్నావా నువ్వు?”

“సివర తొమ్మిదుంది కదేటి? పాపం నాలుగొందలు ఒక్కపాలి ఇవ్వలేక, యాభై సొప్పున సదురుకుంతంది. మూడు సీసాలు పంపీసాను. ఇంకైదు వొస్తే నాలుగోది.”

నేను నోరు వెళ్ళబెట్టాను. బ్యాంకు కోసుకున్న డబ్బుకి ఈవిడ రొయ్యల పచ్చడి పంపుతోంది!

“గణేశ్వరరావు వేసిన మర్నాడే కాళమ్మ ఎందుకు వేస్తుందని అనుమానం రాలేదా?”

“జీతాలు పడ్డాక కదమ్మా ఎవులైనా ఏసేది. అందరివీ ఒకే దినాలు.”

దేనికైనా జవాబుంటుంది ఈవిడ దగ్గర. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే విషయమంతా విడమరిచి చెప్పాను. చెప్పడం పూర్తయ్యాక ఆమె డబ్బు గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

“అయితే మరి కాళమ్మేదీ?” అంది.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి డిసెంబరు నుంచి కాళమ్మ ఫోను స్విచాఫ్. నాలుగు నెలలు ఆవిడ జాడే లేదని దేముడమ్మ వచ్చినప్పుడల్లా ఏకరువు పెట్టేది. ఏప్రిల్లో ఒకరోజు మొహం వెలిగిపోతూ వచ్చి, “టీచరమ్మా, కాళమ్మ బతికే ఉంది, పైసలేసింది” అంటే, నేను బియ్యం ఏరుకుంటూ “మంచిదేగా” అన్నాను. ఫోను తీసుకుని చూస్తే అరనిమిషం పని. చూడలేదు. ఆ అరనిమిషం బద్ధకానికి ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండింది. నా మీద మండిన దాన్ని ఎప్పటిలాగే ఇంకొకరి మీదికి మళ్ళించాను.

“పద, బ్యాంకుకి.”

మిడిల్ పాయింట్ బ్రాంచి మేనేజరు రాజ్‌కిరణ్ ఒకప్పుడు నా క్లాసులో ఆఖరి బెంచీ. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నిలబెట్టే కడిగేశాను. చెప్పకుండా డబ్బులు కోస్తారా అన్నాను. అతను మంచినీళ్ళ కూలరు పక్కన గోడకి అంటించిన కాగితం చూపించాడు. ఇంగ్లీషులో ఉంది, హిందీలో ఉంది.

“తెలుగులో ఏదీ?”

“తెలుగులో పెడితే నేనే చదవలేను కదా మేడమ్,” అన్నాడు తల గోక్కుంటూ. నేను అతనికి అయిదేళ్ళు తెలుగు చెప్పాను.

“సర్క్యులర్ ఏప్రిల్లో ఊపర్ సే వచ్చింది మేడమ్, పై ఆఫీసు నుంచి. సేవింగ్స్ వేరే, ఇది కరెంట్ అకౌంట్. బిజినెస్ కదా. రోజూ ఎవరో ఒకరు నా మీద చిల్లాయిస్తున్నారు. నేనేం చేస్తాను?”

నేను ఇంకో విడత అందుకోబోతుంటే దేముడమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. ఆమె మొహంలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

“బాబూ, దిగ్లిపూర్లో ఏసిన నోటు ఇక్కడికి ఓడ మీదొస్తాదేటి?”

“లేదు ఆంటీ. కంప్యూటర్లో అంకె మారుతుంది, బస్.”

“ఆ నోటు అక్కడే ఉంటాదా?”

“అక్కడే ఉంటుంది.”

“ఓడెక్కని దానికి టిక్కెట్టెందుకు మరి?”

రాజ్‌కిరణ్ నా వైపు చూశాడు. పరీక్షలో సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చినప్పుడు కూడా వీడు ఇలాగే చూసేవాడు. అయినా పిల్లాడు మంచివాడే. టీ తెప్పించి, దారి చెప్పాడు. మెస్సువాళ్ళు ఇప్పుడు ఫోనులో కూడా కడతారు. ఈ కరెంట్ అకౌంటు మూసేసి, ఆమెకున్న మామూలు పొదుపు ఖాతాకి క్యూఆర్ కాగితం పెట్టుకుంటే రూపాయి కూడా పోదు. అందరూ ఫోనులోనే కట్టొచ్చు. కావాలంటే ఆ చివరి అంకెలు కూడా వేసుకోవచ్చు. ఫారం అప్పటికప్పుడు నింపి, సంతకం దగ్గర ఇంటూ గుర్తు పెట్టి ముందుకి తోశాడు.

దేముడమ్మ పెన్ను పట్టుకుంది. పట్టుకుని, ఆగింది.

“భయ్యా, నీ కంప్యూటర్లో సూడు. క్యాంబెల్ బే నుంచి నాకు ఆకరికి ఎప్పుడొచ్చినాదో.”

అతను వెతికాడు. “నవంబర్, ఆంటీ. నాలుగు వందల తొమ్మిది.”

తొమ్మిది నెలలు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఫోను లేదు, తొమ్మిది నెలలుగా కబురు లేదు.

“ఖాతా మూసేస్తే, కాళమ్మ ఏసిన డబ్బేటవుతాది?”

“ఖాతా లేదని చెప్తారు. తీసుకోరు.”

పెన్ను బల్ల మీద పెట్టేసింది. “అది బ్యాంకుకి నడిసొచ్చి కిటికీ కాడ నిలబడితే, దేముడమ్మ నేదని సెప్తారా? ముయ్యను.”

“దేముడమ్మా, మళ్ళీ తగ్గితే నెలనెలా అయిదొందల తొంభై పోతుంది!” అన్నాను.

“పోనీ. మీకు కాళమ్మ తెలీదు. ఊరికే సీసా తీసుకునే మనిషి కాదు. బతికుంటే ఏస్తాది.”

నేను ఫారం మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత నెల రోజులు మేము చెయ్యని ప్రయత్నం లేదు. సీసాలు తీసుకెళ్ళింది ఓడలో పనిచేసే ధనరాజు. అతన్ని పట్టుకుంటే, మూడుసార్లూ జెట్టీ దగ్గర టీ కొట్టులో ఇచ్చానని, కాళమ్మని మాత్రం చూడలేదని, టీ కొట్టువాడి నంబరు తన దగ్గర లేదని చెప్పాడు. ఆ తర్వాత అతని ఓడ రిపేరుకి వెళ్ళింది. పచ్చళ్ళు కొనే మిగతావాళ్ళంతా వారంలో క్యూఆర్‌కి మారిపోయారు. గణేశ్వరరావు నాలుగు వందల ఒకటే కట్టాడు, అది చూసి కాస్త తేలికపడ్డాం. ఇక కరెంట్ అకౌంటులో దేముడమ్మ పదివేలు అలా నిలబడి ఉన్నాయి, ఒక్క మనిషి కోసం. సెప్టెంబరులో రొయ్యలు కొనడానికి డబ్బు తక్కువైతే నా దగ్గర రెండు వేలు చేబదులు అడిగింది గాని, ఆ పదివేలు కదపలేదు. నాకైతే ఆశ పోయింది. ఆ మాట ఆమెతో అనే ధైర్యం మాత్రం లేకపోయింది.

సెప్టెంబరు ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం మళ్ళీ మెట్ల మీద అదే చప్పుడు. ఈసారి గొడుగు కూడా లేదు, తడిసి ముద్దయి ఉంది. ఫోను చేతిలో పెట్టింది.

పన్నెండు వందల తొమ్మిది. క్యాంబెల్ బే బ్రాంచి. వచ్చినదే. రెండుసార్లు చదివాను.

“మూడు సీసాలు. తొమ్మిదోది,” అని, దేముడమ్మ నా కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

మర్నాడు బ్యాంకువాళ్ళు నియమం తప్పకుండా యాభై తొమ్మిది కోశారు. నేను రాజ్‌కిరణ్‌కి ఫోను చేసి తిట్టబోతే దేముడమ్మ వద్దంది. “ఇది కాళమ్మదేనమ్మా. ఈసారి నిజంగానే దానిదే.”

రిపేరయి ఓడ మళ్ళీ తిరగడంతో ధనరాజు దగ్గర నంబరు తీసుకుని, ఆదివారం టీ కొట్టువాడి ఫోను నుంచి కాళమ్మే చేసింది. గొంతు మా వరండా అంతా వినిపించింది. డిసెంబరులో నూతి దగ్గర కాలు జారిందట. ఫోను నూతిలో పడింది, తను గట్టు మీద పడింది. తుంటి విరిగి తొమ్మిది నెలలు మంచం మీదే. ఎవరికి కబురు చెయ్యాలన్నా నంబర్లన్నీ నూతిలోనే ఉన్నాయి. బ్యాంకు స్లిప్పు మీదున్న దేముడమ్మ ఖాతా నంబరు ఒక్కటే మిగిలింది. కర్ర పట్టుకుని నడవగలిగిన మొదటి రోజు బ్యాంకుకే వెళ్ళిందట.

“అది సరేనే,” అంది కాళమ్మ, “నానేటీ తిననేక పడున్నప్పుడు సరిగ్గా నీ సీసా వచ్చినాది. ఆ క్యాంపులో లాగే. అడక్కుండా మూడుసార్లు పంపినావు. నాను మంచాన పడ్డానని నీకెవులు సెప్పారే?”

దేముడమ్మ నా వైపు చూసింది. నేను పమిట నోట్లో కుక్కుకున్నాను.

“బ్యాంకోళ్ళు సెప్పారే,” అంది.